గుమ్మం దాకా పరిచిన బండలు

నమ్మలేనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. సగం విన్నాక "అంతా కోతలే" అన్నవాడి ధైర్యమెంతో ఆ తోటలో నిలబెట్టి చూడాల్సిందే.

బండలు పరచడంలో సింహం మేస్త్రిని మించినవాడు పుట్టలేదు, పుట్టడు. చెక్కసుత్తితో ఒక్కటి తట్టి, ఆ రాయి ఏ కొండ కడుపులోంచి వచ్చిందో చెప్పేవాడు. ఆయన పరిచిన బండ మీద ఏనుగు గంతులేసినా పక్కనున్న గ్లాసులో నీళ్ళు తొణకవు. అంతటివాడికి ఆ పాతకాలపు మేడ పెరట్లో మతి పోయింది.

మేడలో టీచరమ్మ ఒంటరిగా ఉంటోంది. మోకాళ్ళు పట్టేసిన మనిషి. తోట చివరి దాకా నడవడానికి రాతిబాట, గుమ్మం ముందు కూర్చోవడానికి రాతి అరుగు వేయమంది. ఎవరైనా గుమ్మం దగ్గర మొదలుపెట్టి బయటికి పరుస్తారు. కానీ లారీవాడు బండలు తోట చివర దించేసి పోయాడు. మోయడానికి బద్ధకించి, మేస్త్రి అక్కడే మొదలుపెట్టి ఇంటివైపు పరుచుకుంటూ వచ్చాడు.

సాయంత్రం గట్టిగా కూర్చున్న బండ, తెల్లారేసరికి బోలుగా మోగేది.

"ఏరా నిదానం, ఇసుక కుక్కావా, చల్లి దణ్ణం పెట్టావా?" అని బావమరిదిని నిలదీశాడు. "బండ కదిలి టీచరమ్మ పడిందంటే మళ్ళీ లేవదు."

"కుక్కాను బావా. నీ మీసం మీదొట్టు."

"నా మీసం జోలికి రాకు. ఇసుక ఎవరికో తోలుతున్నావు కదూ?"

నిదానం మొహం నల్లబడింది. "అంత అనుమానముంటే నీ కళ్ళెదుటే నిలబడతాను. చూసుకో."

నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మింది. గాలి లేదు. తడిమట్టి వాసనలో ఇంకేదో... ఏళ్ళ తరబడి మూసిన గది వాసన. గుమ్మం ముందు ఒక్క బండ వేస్తే పని అయిపోతుంది. దాని పక్క బండను మేస్త్రి తట్టాడు.

టక్.

కింద నుంచి... టక్.

"నువ్వేనా?"

"నా చేతులు ఇవిగో బావా," గుసగుసగా అన్నాడు నిదానం.

గడ్డపలుగు వేసి ఎత్తారు. ఇసుక పక్కలకి తొలిగి ఉంది. బండ అడుగున తడిగా ఒక అరికాలి ముద్ర. వేళ్ళు ఇంటివైపు. వెనక బండ ఎత్తారు. అక్కడ రెండో కాలు. దాని వెనక మళ్ళీ మొదటిది. బాట అడుగున ఎవరో తలకిందులుగా నడుస్తున్నారు... వీళ్ళు పరిచినంత మేరే.

"ఆఖరిది వేయొద్దు బావా."

ఇద్దరూ ఒక్కసారే గుమ్మం వైపు తిరిగారు.

ఆఖరి బండ వేసి ఉంది. వెంట్రుక కూడా దూరనంత బిగువుగా. తన చేతికి కూడా అంత చక్కటి పని రాదని తెలిసిన క్షణాన, సింహం మేస్త్రి బాట దిగి మట్టిలో నిలబడ్డాడు.

"మేస్త్రీ," లోపల్నుంచి టీచరమ్మ గొంతు, "ఇంట్లో కూడా తడుతున్నారేంటి?"

ఆవిడ అడుగు. టక్. ఇంకో అడుగు. టక్.

"అమ్మా... అక్కడే ఆగండి!"

ఆవిడ ఆగింది.

అది ఆగలేదు.

అబద్ధమంటారా? వెళ్ళి నిదానాన్నే అడగండి. కాళ్ళు పైకి ముడుచుకుని మంచం మీద కూర్చుని ఉంటాడు. ముందు మిమ్మల్ని గదిలో నాలుగడుగులు వేయమంటాడు. చెవి రిక్కించి వింటాడు. ఆ తర్వాతే మాట్లాడతాడు.