సుజునే ఎక్కలేకపోయిన చివరి రైలు

"కొంచెం జరగవే, నా కుర్చీ చక్రం నీ బూటు మీదికి ఎక్కేలా ఉంది," అంది సుజునే.

"ఎక్కితే ఎక్కనీ. ఇక్కణ్ణించి కదిలితే మన చోటు పోతుంది," అంది చిసే.

శనివారం మధ్యాహ్నం. మెట్రో ప్లాట్‌ఫారం జనంతో కిక్కిరిసిపోయింది. ఎక్కడ చూసినా కెమెరాలే. పాత రైలు ఆ రోజే చివరిసారి నడుస్తోంది.

చిసే వాళ్లమ్మ కిండర్‌గార్టెన్‌కి వెళ్లే రోజుల్లో ఆ రకం రైళ్లు కొత్తగా వచ్చాయట. అప్పట్లో లోపల ఫ్యాన్లు తిరిగేవట. ఏసీలు ఆ తరవాతెప్పుడో పెట్టారు. ఒకప్పుడు ఈ లైన్లో అన్నీ అవే. కొత్తవి వస్తున్న కొద్దీ పాతవి ఒక్కొక్కటే లారీలెక్కి వెళ్లిపోయాయి. కొన్ని ఎక్కడో కొండ ఊళ్లో తిరుగుతున్నాయి. మిగతావి తుక్కయ్యాయి. ఇది ఆఖరుది. వారం తిరగకుండా దీన్నీ ముక్కలు చేస్తారు.

సుజునేకి ఆ రైలంటే ఒకపక్క ఒళ్లుమంట. దాని తలుపు దగ్గర ఎత్తు ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి వాలుగా పలక వేస్తే గాని ఆమె చక్రాల కుర్చీ లోపలికి వెళ్లదు. కొత్త రైళ్లలో ఆ బాధ లేదు. ప్లాట్‌ఫారం, రైలు ఒకే ఎత్తులో ఉంటాయి.

కానీ పాత రైలు మొదటి పెట్టెలో, డ్రైవర్ గది పక్కన, కిందిదాకా దిగిన పెద్ద అద్దం ఉంది. చక్రాల కుర్చీలోంచే ముందున్న దారంతా చూడొచ్చు. కొత్తవాటిలో ఆ అద్దం పైకి పోయింది.

శనివారాలు సంగీతం క్లాసుకి వెళ్లేటప్పుడు ఇద్దరూ అక్కడే ఉండేవారు. సొరంగం చివర వెలుగు మొదట చొక్కా గుండీ అంత కనబడేది. తరవాత పళ్లెమంత అయ్యేది. అంతలోనే రైలు వంతెన మీదికి వచ్చేసేది. కింద నది. సుజునే ప్రతిసారీ "వచ్చేసింది!" అని కేక పెట్టేది.

స్టేషన్ ఉద్యోగిని కుజే గారు వాళ్ల దగ్గరికి వచ్చారు.

"ఇవాళ తోపులాట బాగా ఉంటుందమ్మా. పలక తెస్తాను, ఇక్కడే ఉండండి."

"నేనున్నాగా! ముందు లోపలికెళ్లి అద్దం దగ్గర దీనికి చోటు పడతాను," అంది చిసే.

"మాట మీద ఉంటావా?" అంది సుజునే నవ్వుతూ.

"చూస్తుండవే!"

రైలు వచ్చింది. తలుపులు తెరుచుకోగానే వెనకనుంచి జనం తోసుకొచ్చారు. చిసే వాళ్లతో పాటు లోపలికి కొట్టుకుపోయింది. మోచేతుల కింద నుంచి దూరి అద్దం దగ్గరికి చేరింది. ముక్కు అద్దానికి ఆనింది. ముందంతా సొరంగం, పట్టాలు, దీపాలు. ఎంత బాగుందో!

వెనక తలుపు దగ్గర కుజే గారి గొంతు వినబడింది. "దయచేసి కొంచెం జరగండి. ఇక్కడొక పాప కుర్చీతో ఎక్కాలి."

ఎవరూ కదల్లేదు.

"పాపతో వచ్చినవాళ్లు లోపల ఉన్నారా? చోటు పట్టారా?"

చిసే నోరు తెరిచింది. 'ఉన్నాను' అంటే అందరూ తనవైపే తిరుగుతారు. "ఈ పిల్ల కోసం మేమందరం దిగాలా?" అని విసుక్కుంటారు. అన్నిటికన్నా ముందు, ఆ అద్దం వదలాలి.

చిసే నోరు మూసుకుంది.

"క్షమించమ్మా," అంటున్నారు కుజే గారు బయట. తలుపులు మూసుకున్నాయి.

రైలు కదిలింది. సొరంగం చివర వెలుగు గుండీ అంత కనబడింది, పళ్లెమంత అయింది. నది వచ్చింది. పెట్టెలో వాళ్లంతా చప్పట్లు కొట్టారు. చిసే చేతులు లేవలేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ. సుజునే ఇంటికి వెళ్లిపోయింది.

సోమవారం బడిలో సుజునేనే ముందు అడిగింది.

"బాగుందా?"

"ఆ... ఏముంది, మామూలే. ఒకటే జనం. సరిగ్గా కనబడలేదు కూడా."

"అబద్ధం చెప్పకు. అద్దం దగ్గరే ఉన్నావు. రైలు కదిలినప్పుడు చూశాను."

చిసే తలొంచుకుంది. "కుజే గారు పిలిచింది నాకు వినబడింది. పలకలేదు. తప్పయిపోయింది సుజునే."

"అదీ తెలుసు," అంది సుజునే. "నువ్వు తప్పయిపోయిందంటే ఆ రైలు మళ్లీ వస్తుందా?"

కుర్చీ తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం భోజనం వేరే పిల్లలతో చేసింది. మర్నాడూ అంతే.

ఆకులు రాలి, చలి ముదిరింది. శనివారాలు క్లాసుకి ఇద్దరూ విడివిడిగానే వెళ్తున్నారు.

ఒక శనివారం కొత్త రైల్లో చిసే లోపల నిలబడి ఉంది. స్టేషన్లో తలుపు తెరుచుకుంది. ఎదురుగా సుజునే. పలక అవసరం లేదు, ఎత్తు లేదు. అయినా ఎక్కలేకపోతోంది. తలుపు నిండా కోట్లు వేసుకున్న వీపులే. అందరి కళ్లూ ఫోన్లలోనే.

బెల్లు మోగింది.

"జరగండి!" అని అరిచింది చిసే. గొంతు కీచుమంది. "ఇక్కడొక అమ్మాయి ఎక్కాలి! వెనక్కి జరగండి!"

పెట్టె పెట్టెంతా ఆమె వైపు తిరిగింది. ఎవరో చిరాగ్గా నిట్టూర్చారు. చిసే చెవులు ఎర్రబడ్డాయి. అయినా జనాన్ని తప్పించుకుంటూ వచ్చి తలుపుకి అడ్డంగా నిలబడింది. వీపులు మెల్లగా జరిగాయి. కుర్చీ లోపలికి వచ్చింది.

సుజునే బ్రేకు వేసుకుంది. చిసే వైపు చూడలేదు.

"నీకు గొంతుందన్నమాట," అంది.

క్లాసుకి దిగాల్సిన స్టేషన్ రాగానే, దారి కోసం చిసే మళ్లీ అరిచింది.