ట్రయాంగిల్ బటన్ ఎక్కడ?

"అర్చన దొరికిపోయింది," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ హన్మంతు ఫోన్లో. "పెద్దమందడి కంప్యూటర్ సెంటర్ల కుర్చీకి కట్టేసిండ్రు. కింద బాంబు. జల్ది పో!"

వనపర్తి బస్టాండులో విత్తనాల ఏజెంటు వేషంలో ఉన్న రాఘవేందర్ పళ్ళు పటపట కొరికాడు. రెండేళ్ళుగా విదేశీ ముఠాలో మన మనిషిగా ఉన్నది అర్చన. గద్వాల చీర, నల్ల కళ్ళద్దాలు, ఎవరినైనా పడగొట్టే నవ్వు. టీవీకి తగిలించి ఆడే కన్సోల్ గేమును కంప్యూటర్‌లో ఆడేలా ముఠా మార్చిందనీ, ఆ దొంగ సీడీల్లోనే బాంబులు పేల్చే ఆదేశాలు దాస్తోందనీ కనిపెట్టింది ఆమే. ఆమెను పోగొట్టుకోవడమా? ఛీ!

పెద్దమందడిలో జీపు దిగి సెంటర్ తలుపు ఒక్క తన్ను తన్నాడు. గేమును మార్చిన ఇంజనీర్ రాజ్‌కుమార్ బ్యాగు సర్దుకుంటూ దొరికాడు. రివాల్వర్ కణతకు ఆనినా వాడి మొహాన నవ్వు చెదరలేదు.

"అర్ధగంట టైముంది. కరెంటు పోయినా, ప్లగ్ పీకినా, కంప్యూటర్ డబ్బాను ముట్టుకున్నా, ఆమె కట్లు విప్పినా పేలుతుంది. నన్ను వదిలెయ్. ఊరు దాటాక ఎలా ఆపాలో చెప్తా."

స్క్రీన్ మీద అక్షరాలు మెరుస్తున్నాయి: 'ఆపడానికి ట్రయాంగిల్ బటన్ నొక్కండి.'

రాఘవేందర్ కీబోర్డు చూశాడు. ఏ టు జెడ్ ఉంది, అంకెలున్నాయి. ట్రయాంగిల్ మాత్రం లేదు. దొరికిన కీ అల్లా కొట్టాడు. గేములో హీరో వెళ్ళి గోడను గుద్దుకున్నాడు. ఇంత చెత్త పని చేసినవాడిని ఏమనాలి?

"రాఘవన్నా! టైమ్ జూడు, ఉరుకుతున్నది!" అర్చన అరిచింది.

చేతి గడియారంలో ఒక సెకను గడిస్తే స్క్రీన్ మీద రెండు గడుస్తున్నాయి. రాజ్‌కుమార్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"కన్సోల్‌లో సెకనుకు ముప్పై బొమ్మలు. ఆ బొమ్మలు లెక్కపెట్టి టైమ్ నడిపాను. ఈ కంప్యూటర్ అరవై చూపిస్తోంది..."

"అంటే పావుగంటే! ఒక్కసారన్న నడిపి జూడలేదారా?"

"ముఠావాళ్ళు తొందర పెట్టారు..."

"నీ తొందర పాడుగాను! ఆడిపిల్ల పాణం మీదికి తెస్తివి గదరా! బటన్ ఏది?"

"కీబోర్డుకు ఇవ్వలేదు సార్. కన్సోల్‌తో వచ్చే చేతి ప్యాడ్ మీదే ఉంది. ప్యాడ్ హైదరాబాద్‌లో మర్చిపోయాను. గేమ్ నుంచి బయటికొచ్చే కీ కూడా పెట్టలేదు."

రాఘవేందర్ వాడి కాలర్ పట్టి గోడకు అదిమాడు. చంపేయాలన్నంత కోపం.

"మిషన్ దానంతటదే పడిపోయి మళ్ళ లేస్తే?" అర్చన అడిగింది. "టైమ్ యాదికుంటదా?"

"ఉండదు. పాత ఆట గుర్తుండాలంటే గేమ్ మెమరీ కార్డ్ అడుగుతుంది. కంప్యూటర్‌కు ఆ కార్డే లేదు. బాంబు కూడా ఆగిపోతుంది. కానీ కరెంటు పోకుండా మిషన్ ఎట్లా పడుతుంది?"

రాఘవేందర్ అప్పటికే సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఫోన్ కలిపాడు.

"వెంకటన్నా! బోర్లకు త్రీఫేజ్ కరెంటు ఎప్పుడిస్తవ్?"

"ఇంకో గంటకు, సార్."

"ఇప్పుడే ఇయ్యి!"

"ఏంది సార్, గిట్లంటరు? అందరు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నరు. కరెంటు రాంగనే మోటర్లన్నీ ఒక్కపారి ఎత్తుకుంటయ్. ఓల్టేజ్ పడిపోతది!"

"పడాలనే చెప్తున్న! కరెంటు పోవద్దు, మిషన్ పడాలె. నీకు దండం పెడత, ఇయ్యి!"

స్క్రీన్ మీద పది సెకన్లు మిగిలాయి. ఎనిమిది. అర్చన కళ్ళు మూసుకుంది. ఆరు. రాజ్‌కుమార్ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నాలుగు. ఊరి చుట్టూ బోర్లన్నీ ఒక్కసారి హోరెత్తాయి. బల్బు ఎర్రగా కుంగింది గాని ఆరిపోలేదు. రెండు.

స్క్రీన్ నల్లబడింది.

కంప్యూటర్ కీచుమని మళ్ళీ లేచింది. గేమ్ తనంతట తానే తెరుచుకుని, మెమరీ కార్డ్ లేదంటూ చేతులెత్తేసింది. బాంబు మీది ఎర్రలైటు ఆరిపోయింది.

కట్లు విప్పగానే అర్చన చేసిన మొదటి పని రాజ్‌కుమార్ చెంప ఛెళ్ళుమనిపించడం. అది చాలలేదు, రెండోదీ వాయించింది. రాఘవేందర్ ఆపలేదు.

అంతలో ఫోన్ మోగింది. వెంకటన్న భగభగ మండిపోతున్నాడు.

"ట్రాన్స్‌ఫార్మర్ కాలి బొగ్గయింది సార్! రైతులు నన్ను కొట్టేటట్టున్నరు. పైకి ఏమని రాయాలె?"

రాఘవేందర్ చెమట తుడుచుకున్నాడు.

"విదేశీ కుట్ర అని రాయి."