తెలుపు తప్పిన గుడ్డ

రక్తపరీక్షలో ఐదు రోజుల పాపకి కామెర్లు ప్రాణం మీదికి వచ్చేంతగా ముదిరాయని తేలింది. కెమెరా తెర మీద మాత్రం అదే పాప గులాబీ రంగులో మెరిసిపోతోంది!

కుముదిని నిర్ఘాంతపోయింది. ఆ కెమెరాని కనిపెట్టింది ఆమే. పాప పాలు తాగడం మానేయడంతో అనుమానం రాకపోతే రక్తం తీయించేదే కాదు.

అది 2093. చంద్రుడి మీది శశాంకపురిలో ఎండ చొరబడని సొరంగ ఆసుపత్రి. దీపాలన్నీ పసుపుపచ్చటివి. వాటి కింద బిడ్డ ఒళ్లు పచ్చబడిన సంగతి ఎవరికీ తెలిసేది కాదు, ఒక్క పెద్ద డాక్టరు కోదండపాణికి తప్ప. ఆయన బొటనవేలితో నుదురు నొక్కి, వేలు తీసిన చోట రంగు చూసి చెప్పేవాడు.

తరవాత 'వర్ణశోధిని' వచ్చింది. రోజూ పొద్దున్నే నర్సు దానికి ఒక తెల్లగుడ్డ చూపిస్తుంది. గుడ్డ మీద ఎంత పసుపు కనిపిస్తే అంతా దీపానిదే అనుకుని, ఆ మేరకు బొమ్మలోంచి తీసేస్తుంది కెమెరా. దీని పేరు శ్వేత తుల్యత. వార్డులోని కెమెరాలన్నీ ఆ ఒక్క కొలతనే పంచుకుంటాయి.

పాపను రక్తమార్పిడికి పంపి, కుముదిని ఆ గుడ్డ వాసన చూసింది. పసుపు!

"ఇదేమిటి రత్నమాలా?"

"కొత్త గుడ్డ కదండీ, పసుపు పెట్టారనుకున్నా," నర్సు తడబడింది. "పెద్ద డాక్టరుగారే ఇచ్చారు. శుభమేగా అని ఊరుకున్నా."

"మూలన బొట్టు పెట్టడం కాదిది. నిలువునా ముంచి తీశారు!"

కోదండపాణి తన గదిలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలో గుడ్డ చూడగానే లేచాడు.

"పాప బతుకుతుందా?"

"బతుకుతుంది. ఎందుకు చేశారండీ ఈ పని?"

"కుళ్లు అమ్మాయ్, ఒట్టి కుళ్లు. తల్లులంతా నా గది దాటి నీ కెమెరా ముందు వరస కట్టారు. ఒకావిడైతే 'తాతగారూ, తెరకి అడ్డం, కాస్త జరగండి' అంది. ఆ రోజే ముంచాను. కెమెరా తప్పుతుంది, నేను నుదురు నొక్కి అందరి ముందూ పట్టేస్తాను, పాపకేమీ కాదు అనుకున్నాను. రోజూ నొక్కాను. రోజూ గులాబీగానే కనిపించింది. నా చూపు పోయి ఏడాదైందమ్మా. ఎవరికీ చెప్పకుండా భూమికి వెళ్లి, రెండు కళ్లలోనూ నీ కెమెరాలే పెట్టించుకొచ్చాను. వార్డులో అడుగుపెట్టగానే అవీ ఆ గుడ్డనే నమ్ముతాయని నాకు తట్టలేదు."