ప్రాణమున్న వేలు

మా ఆఫీసులో రికార్డు గదికి కిటికీలు లేవు. తొమ్మిది వరసల ఇనుప అరలు, ఆ చివర ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, పక్కన అగ్గిపెట్టెంత వేలిముద్ర యంత్రం. పైన వరసకొక లైటు. మనిషి కదిలితే వెలుగుతుంది, రెండు నిమిషాలు కదలిక లేకపోతే ఆరిపోతుంది. కరెంటు ఎంత మిగులుతుందో లెక్కవేసి, పై అధికారిని ఒప్పించి ఆ లైట్లు పెట్టించింది నేనే.

అక్క అక్కడ ఆపరేటరు. నేను కాంట్రాక్టు మీద చేరి ఎనిమిది నెలలు. నెలనెలా ఉచితంగా మందులు తీసుకునేవాళ్ల జాబితా చూడటం మా పని. ఎవరి మందులు వాళ్లకే అందాలని నెలకోసారి కౌంటరు దగ్గర అలాంటి యంత్రం మీదే వేలు పెట్టించుకుంటాం. ఆ యంత్రం గీతలు మాత్రమే చూసి ఊరుకోదు. లోపల రక్తం పారుతోందా అని కూడా చూస్తుంది. అంతా బాగుంటే తెర మీద ఒకటే మాట వస్తుంది: 'ముద్ర సరిపోయింది. ప్రాణమున్న వేలు.'

సరిపోనివాళ్లు కుప్పగా పేరుకుపోయారు. ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి విచారించాలంటే ఏడాది పడుతుందని లెక్క తేలింది. నేను ఒక్క వాక్యంలో రూలు రాశాను. వరసగా మూడుసార్లు ముద్ర తప్పి, మేం పంపిన మెసేజికి ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ మనిషి చనిపోయినట్టు. మొదటి రోజే మూడు వందల పదిహేడు మంది తేలారు. అందరి కార్డులూ ఆగిపోయాయి. రెండు నెలలకు ఒక సోమవారం తనిఖీ. ఆలోగా జాబితా ఖరారు చేస్తే అక్క ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. ఎనిమిదేళ్లుగా ఆ కాగితం కోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తోంది.

ఖరారు చేయాలంటే ఆపరేటరు వేలు కావాలి. మా ఇద్దరికీ అదొక అలవాటు. నేను "అక్కా, వేలు" అంటాను. అక్క ఎవరితోనో మాట్లాడుతూనే, తెర వంక చూడకుండా, కుడి బొటనవేలు చాపుతుంది. ఆ వేలి మీద ఏటవాలుగా ఒక మచ్చ ఉంది. చిన్నప్పుడు నేను విసురుగా తలుపేస్తే నలిగింది. రూలు పెట్టిన రోజు కూడా అలాగే చాపింది.

చనిపోయినవాళ్ల జాబితాలో కంకరవ్వ ఉంది. నలభై ఏళ్లు రాళ్లు కొట్టి కంకర చేసిన మనిషి. వేళ్లు గులకరాళ్లలా నున్నగా ఉండేవి. కార్డు ఆగిపోయాక గుండె మాత్రల కోసం నెలలో మూడుసార్లు వచ్చింది. మూడోసారి వచ్చిన వారం అక్క సెలవులో ఉంది. కౌంటరులో నేనున్నాను.

"మెసేజి చూసుకోలేదా అవ్వా?"

"నాకు ఫోనెక్కడిదమ్మా? నీ ఎదురుగానే నిలబడ్డాను. కనబడట్లేదా?"

"నాకు కనబడితే చాలదు అవ్వా. దానికి కనబడాలి."

వరసలో ఎవరో అన్నారు, "ఇంకేం అవ్వా, నీకిక చావు భయం లేదు. ఆ పని అయిపోయింది." అందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే సంచిలోంచి చిన్న సుత్తి తీసింది. బొటనవేలు కౌంటరు బండ మీద పెట్టి, రాయి కొట్టినంత తేలిగ్గా, ఒక్క దెబ్బ వేసింది.

నా మొహం మీద వెచ్చగా ఏదో చిందింది.

"ఇప్పుడు కనబడుతోందా దానికి?" అంది.

ఆ వేలు యంత్రం మీద పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. సరిపోలేదు.

పదకొండు రోజులకు ఆమె పోయింది. పక్కింటివాళ్లు చావు రాయించడానికి వచ్చారు. సిస్టమ్ రాయనివ్వలేదు. ఈమె చనిపోయి అప్పటికే నలభై ఒక్క రోజులైందంది.

ఆ సంగతి అక్కకి చెప్పలేదు. అవ్వ వేలు నలగ్గొట్టుకున్న మాట ఆఫీసులో ఎవరో చెప్పారు. ఆమెను ముందే చంపింది నా రూలని మాత్రం అక్కకి తెలియదు.

తనిఖీకి ముందు శనివారం రెండింటికి ఆఫీసు మూసేశారు. బయట ఎడతెగని వాన. ఫోన్లు నిబంధన ప్రకారం బయట లాకరులో పెట్టాం. అక్క వేలు పెడితే రికార్డు గది ఇనుప తలుపు తెరుచుకుంది. లోపలికి వచ్చాక మా వెనకే మూసుకుంది.

"ఎంతసేపే?" అంది అక్క.

"మూడు వందల పదిహేడు. ఒక్కోదానికి నాలుగు సెకన్లు. ఇరవై ఒక్క నిమిషాల ఎనిమిది సెకన్లు."

"ఆ ఎనిమిది సెకన్లు నీ పెళ్లికి కట్నంగా ఇస్తాలే. కానీయ్."

నేను మీట నొక్కుతున్నాను. అక్క వేలు పెడుతోంది. పచ్చ లైటు. మళ్లీ మీట, మళ్లీ వేలు. ఇద్దరం కదలకుండా కూర్చున్నాం కాబట్టి లైట్లు ఆరిపోయాయి. తెర వెలుగు చాల్లే అని లేవలేదు. వాన చప్పుడు గోడల అవతల ఎక్కడో దూరంగా ఉంది. పాత కాగితాల వాసన.

నూట యాభై దగ్గర అక్క వేలు ఊదుకుంది. "మండుతోందే."

"సగం అయిపోయిందక్కా."

"వీళ్లంతా నిజంగా పోయినవాళ్లేనా?"

"లెక్క సరిపోయింది" అన్నాను.

అప్పుడు వినబడింది. ఠక్. రాయి మీద ఇనుము తగిలినట్టు. తలుపు దగ్గర మొదటి వరస లైటు వెలిగింది.

అక్కడ ఎవరూ లేరు.

"ఎలుకేమో" అన్నాను. అక్క మళ్లీ వేలు పెట్టింది. నూట తొంభై. రెండు వందలు. ఠక్. రెండో వరస వెలిగింది. మూడోది. కాగితాల వాసన పోయింది. అప్పుడే పగలగొట్టిన రాతి వాసన... తడి దుమ్ము... గొంతులో గరగరమంటోంది.

రెండు వందల పద్నాలుగు. పచ్చ లైటు.

రెండు వందల పదిహేను. ఎర్ర లైటు. 'ముద్ర సరిపోలేదు.'

అక్క వేలు చీరకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎరుపు. తెర మీది పేరు అప్పుడు చదివింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి చదివింది.

"ఈమె వేలు నలగ్గొట్టుకున్న అవ్వ కదూ? మొన్ననే కదా పోయింది. ఇక్కడ తేదీ అంతకుముందే ఉందేమే?"

నాలుగో వరస. ఐదో వరస.

"ఏమే, నిన్నే అడిగేది."

"లేద్దాం పద అక్కా..." తలుపు గుర్తొచ్చింది. తెరవాలంటే అక్క వేలే కావాలి. ఆ చెయ్యి లాక్కుని తెర వెలుగులో చూశాను. బొటనవేలి మీద గీతలు లేవు. ఒక్కటి కూడా లేదు. నున్నటి ఎర్రటి చర్మం, రక్తం ఊరుతూ, మధ్యలో ఏటవాలుగా ఆ మచ్చ ఒక్కటే.

రెండుసార్లు తప్పింది. సిస్టమ్‌లో ఉన్న ప్రతి వేలికీ నా రూలే. ఆఫీసువాళ్లని మినహాయించాలని నాకు తోచలేదు. తలుపు దగ్గర వేలు పెట్టి తప్పితే మూడోసారి అవుతుంది. మెసేజికి జవాబివ్వడానికి ఫోను బయట ఉంది. ముప్పై రోజుల గడువు ఉందనుకున్నాను. తెర అడుగున ఆపరేటరు పేరు పక్కన అంకె చూశాను. మెసేజి వెళ్లి ముప్పై రోజులు అయిపోయినట్టుంది... ఎవరు పంపారో తెలియదు.

అక్కకి అంతా చెప్పేశాను. లాగి చెంప మీద కొట్టింది. పెదవి చిట్లి నోట్లో ఉప్పగా తగిలింది.

"నా వేలితో చంపించావు" అంది. గొంతు పెంచలేదు. "అందర్నీ వెనక్కి తే. ముందు అది చెయ్."

ఆరో వరస. జాబితా మొత్తం ఎంచుకుని 'రద్దు' నొక్కాను.

'ఆపరేటరు వేలు పెట్టండి.'

ఏడు. ఠక్. ఎనిమిది. పెంకు మీద గీసినట్టు గరగరలాడే ఊపిరి శబ్దం.

"వద్దక్కా. ఇది మూడోసారి. తప్పితే..."

అక్క వేలు పెట్టింది.

మా తల మీది లైటు వెలిగింది. నా చెవి పక్కనే, మెల్లగా...

"ఇప్పుడు కనబడుతోందా దానికి?"

మొదటి దెబ్బకు గోరు ఎగిరి నా మెడకు తగిలింది. సుత్తి కనబడలేదు. చెయ్యి కనబడలేదు. అక్క వేలు మాత్రం యంత్రం మీద పచ్చడైంది. అక్క అరిచిన అరుపు మనిషిది కాదు. భుజం పట్టుకుని వెనక్కి లాగాను. రాలేదు. బల్లకు మేకు కొట్టినట్టుంది. రెండో దెబ్బ. ఎముక విరిగి తెల్లగా బయటికొచ్చింది. తెర మీద, నా కళ్లలో, గోడ మీద రక్తం. నా చెయ్యి అడ్డం పెట్టాను. మూడో దెబ్బ నా చేతిని దాటుకుని, దానికేం కాకుండా, కిందున్న వేలి మీదే పడింది.

నిశ్శబ్దం.

పచ్చ లైటు. వెనక ఇనుప తలుపు తెరుచుకున్న చప్పుడు. వాన వాసన.

ఆసుపత్రిలో డాక్టరు తెగిన ముక్క తెమ్మన్నాడు. గేటు దగ్గరి వాచ్‌మన్, నేను గంటసేపు వెతికాం. అరల కింద, బల్ల సందుల్లో, యంత్రం విప్పి దాని లోపల కూడా చూశాం. గోరు దొరికింది. వేలు దొరకలేదు.

మూడు వందల పదిహేడు మందీ తిరిగి బతికారు. తనిఖీలో తప్పు నేనే ఒప్పుకున్నాను. నా మీద మందలింపు కాగితం రాశారు. వేలు లేని మనిషికి సిస్టమ్ తెరుచుకోదని అక్కని తీసేశారు.

నిజంగా పోయిన కంకరవ్వని మాత్రం చనిపోయినట్టు రాయలేకపోతున్నాను. ఆమె ముద్ర నెలనెలా వస్తోంది. ఏ కౌంటరు నుంచి వస్తోందో మాత్రం అక్కడ ఉండదు.

ఈ ఉదయం నేను ఆఫీసు జాబితా తెరిచి ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాను. పక్కగదిలో పడుకున్న అక్క, బొటనవేలు లేని చెయ్యి పైకెత్తి, కళ్లు తెరవకుండానే అంది.

"ఇప్పుడే నొక్కిందే."

తెర చూశాను. కంకరవ్వ పేరు, అదే నిమిషం. ముద్ర పెద్దది చేసి చూశాను. గీతలు లేవు. ఏటవాలుగా ఒక మచ్చ.

కింద ఎప్పుడూ వచ్చే మాటే.

'ముద్ర సరిపోయింది. ప్రాణమున్న వేలు.'