వడ్రంగిపిట్ట వదిలిన పేజీ

"ప్రింటర్‌ని పేల్చేయమంటారా సార్?" అన్నాడు గూఢచారి ముంగిస.

"దాన్ని పేలిస్తే చచ్చేది మన ఏజెంట్ పిచిక," అన్నాడు చీఫ్. "శత్రుదేశంలో ఇరుక్కుంది. ఆమె తప్పించుకునే దారి ఇవాళ ఆ ప్రింటర్‌లోనే అచ్చవుతుంది. ప్రతి పేజీ కాపీ శత్రువు సర్వర్‌కి పోతోంది. ఆపితే వాళ్లకి అనుమానమొస్తుంది, పిచికని అక్కడే పట్టేస్తారు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో అడ్రస్ మార్చు. కాపీ మనకి రావాలి. వాళ్లకి దొంగ దారి మనం పంపుతాం."

"అసలు అచ్చెందుకు సార్?"

"కాగితం మీద సంతకం పడందే మన ఆఫీసులో ఈగ కూడా కదలదుగా! ఇంకోటి. పాస్‌వర్డ్ ఎవరో మార్చేశారు. మూడోసారి తప్పు కొడితే అలారం వాళ్లకే."

మెకానిక్ వేషంలో ముంగిస ప్రింటర్ ముందు నిలబడ్డాడు. స్క్రీన్ మీద అక్షరాలు వెలిగాయి: 'వడ్రంగిపిట్ట: ఒక పేజీ సిద్ధం'.

వడ్రంగిపిట్ట ముంగిస ప్రాణస్నేహితుడు. ప్రింట్ ఇచ్చి, కాగితం తీసుకోకుండానే సీక్రెట్ మిషన్ మీద వెళ్లాడు. సరిహద్దులో అతని కోసం తుపాకులు ముందే కాచుకుని ఉన్నాయి. పాస్‌వర్డ్ లేక ఆ పేజీని ఎవరూ తుడిచేయలేకపోయారు.

"పొద్దున్నే ఆ పేరు చూస్తే గుండె జారిపోతోందయ్యా," అన్నాడు కుర్చీ దూరంగా జరుపుకున్న అకౌంటెంట్. "టీ తాగొచ్చాకే ఆన్ చేయిస్తున్నాను."

ఆకుపచ్చ సిల్కు స్కార్ఫుతో, హైహీల్స్ టకటకలాడిస్తూ కోడ్ విభాగం మేడమ్ వచ్చింది. ఆఫీసంతా ఆమె వైపే చూసింది.

"తొందరగా కానివ్వండి మెకానిక్ గారూ. అర్జెంట్ ఆర్డర్ ఉంది."

వెళ్లబోతూ ఆ పేరు మీద దుమ్ము తుడిచింది. అక్కడ దుమ్ము లేదు.

ముంగిస ప్రింటర్ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పు. పాస్‌వర్డ్ మార్చగలిగేది కోడ్ విభాగమే అనుకుని మేడమ్ పుట్టినరోజు కొట్టాడు. తప్పు. ఇంతలో ప్రింటర్ మూలిగింది. పిచిక దారి ఉన్న ఆర్డర్ వచ్చేసింది! దుమ్ము లేని చోట తుడిచిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. 'వడ్రంగిపిట్ట' అని కొట్టాడు.

తెరుచుకుంది. అడ్రస్ మార్చి సేవ్ నొక్కాడు. మరుక్షణం పిచిక ఆర్డర్ ట్రేలో పడింది.

వీపుకి పిస్టల్ తగిలింది.

"ఎలా తెలిసింది?" అంది మేడమ్.

"వాణ్ణి అమ్మింది మీరే. మర్చిపోలేకపోయిందీ మీరే."

"పట్టుకుంటామన్నారు. చంపుతామని చెప్పలేదు. రోజూ ఆ పేరు కొట్టి ఏడ్చాను." పిస్టల్ ట్రేలో పెట్టేసి, ఏడుస్తూ గోడకి జారబడింది.

ముంగిస స్నేహితుడి పేజీని ప్రింట్‌కి వదిలాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి వంగి చూశారు. తెల్లకాగితం. ఒక్క అక్షరం లేదు. ప్రింటర్‌లో ఉన్న కాస్త టోనర్ పొడీ పిచిక ఆర్డర్‌కే సరిపోయింది. స్క్రీన్ మీద పేరు కూడా మాయమైంది.

ముంగిస ఆ తెల్లకాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కళ్లు తుడుచుకుని చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"పిచిక బతికింది సార్. టోనరే అయిపోయింది."

"కాగితం మీద రాసి పంపు," అన్నాడు చీఫ్. "సంతకం పెడతాను."