గ్యాస్ ఎక్కడికి పోతోంది?

మొదటి రోజే అతను ఆమె కొంప ముంచబోయాడు.

ఆ లాబ్‌కి గ్యాస్ సిలిండర్లు తెచ్చి బిగించడం అతని ఉద్యోగం. అందుకని అక్కడందరూ అతన్ని సిలిండర్ అనే పిలుస్తారు. చేరిన రోజున కణాలు పెంచే ఇన్‌క్యుబేటర్ల గదిలోకి వెళ్తే, ఒక పెట్టె మీద ఆక్సిజన్ ఐదు శాతం అని కనపడింది. మామూలు గాలిలో ఇరవై పైనే ఉంటుందని అతనికి తెలుసు. పాపం, లోపలివాటికి ఊపిరాడక ప్రాణం మీదికొచ్చిందని తలుపు బార్లా తీసి, అట్టముక్కతో విసరడం మొదలుపెట్టాడు.

వెనకనుంచి ఒక్క కేక వినపడింది. తెల్లకోటు అమ్మాయి పరుగున వచ్చి, రెండు చేతులకీ గ్లవుజులు ఉండటంతో తలుపుని మోచేత్తో మూసింది. తర్వాత అతనికి చీవాట్లూ పాఠమూ కలిపి పెట్టింది. అందులో పెరుగుతున్నది మోకాలి గుజ్జు. గుజ్జులో రక్తనాళాలుండవు, దానికి గాలి అందేదే అంతంతమాత్రం, ఆ కాస్త గాలికే అది అలవాటుపడింది. లాబ్‌లో పెంచినా అంతే, గాలి ఎక్కువైతే తన గుణం మరిచిపోయి పీచు పీచుగా తయారవుతుంది. అందుకే నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ని బయటికి నెడతారు. తలుపు తీసిన ప్రతిసారీ గాలి చొరబడుతుంది, మళ్ళీ బోలెడు నైట్రోజన్ ఖర్చవుతుంది.

"అంటే మీ గుజ్జుకి ఊపిరాడకపోతేనే బావుంటుందన్నమాట," అన్నాడతను.

"బావుంటుంది. మీరు దూరంగా ఉంటే ఇంకా బావుంటుంది," అందామె.

కోపంతో ఆమె ముక్కు ఎర్రబడింది. అది చూశాక అతనికే సరిగ్గా ఊపిరాడలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతంతా చెబితే, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న వాళ్ళమ్మ మిగతాదంతా వదిలేసి, "ఆ గుజ్జమ్మాయి పెళ్ళి కానిదేనా?" అని అడిగింది.

ఇక్కడొక చిక్కుంది. పెద్ద సిలిండర్ బిగిస్తే నెలకోసారి వస్తే చాలు. నెల అంటే మాటలా? అందుకని మనవాడు పెద్దవి స్టాకు లేవని నోటికొచ్చిన అబద్ధం ఆడి, చిన్నవి తేవడం మొదలుపెట్టాడు. చిన్నది వారం రావాలి. విచిత్రమేమిటంటే, మూడు రోజులు తిరక్కుండానే ఆమె దగ్గర్నుంచి ఫోను వచ్చేది, గ్యాస్ అయిపోయిందని. అతను అడుగు నేల మీద ఆనకుండా వచ్చి వాలేవాడు.

అలా వస్తూ వస్తూ ఇద్దరికీ మాటలు కలిశాయి. ఆమె అతనికి చొక్కా గుండీలంత ఉన్న తెల్లటి గుజ్జు బిళ్ళలు గాజు డిష్‌లో చూపించింది. అతను తన ఫోన్లో అమ్మని చూపించి మాట్లాడించాడు. ఒక మధ్యాహ్నం జోరువానలో సిలిండర్ దొర్లించుకొస్తుంటే ఆమె గొడుగు పట్టుకుని గేటు దాకా వచ్చింది, సిలిండర్ తడిసిపోతుందని. సిలిండర్ తడిస్తే ఏమీ కాదని ఇద్దరికీ తెలుసు.

అంతా సవ్యంగా సాగుతుండగా లాబ్ పెద్ద మేడం అతన్ని పిలిపించింది. నైట్రోజన్‌ని ఎవరో తాగేస్తున్నట్టుందట. శుక్రవారంలోగా లీకు దొరక్కపోతే బయట ట్యాంకు పెట్టించి గోడల్లోంచి పైపు వేయిస్తుందట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతను నిజంగానే భుజం తడుముకున్నాడు. పైపు పడితే సిలిండర్‌తో పనేముంది? ఈ మెట్లెక్కే వంకే ఉండదు.

శుక్రవారం పొద్దున సబ్బునీళ్ళూ బ్రష్షూ తెచ్చి ప్రతి బిగింపుకీ పూశాడు. లీకుంటే బుడగ రావాలి, ఒక్కటీ రాలేదు. రోజూ గలగలా మాట్లాడే అమ్మాయి ఆ రోజు తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడింది. ట్యూబు వెంటే చూసుకుంటూ పోతే అది గోడ దగ్గర రెండుగా చీలింది. ఒకటి గుజ్జు పెట్టెలోకి వెళ్ళింది. రెండోది మూలనున్న పెట్టెలోకి వెళ్ళింది. దాని మీద 'పాడైంది, ముట్టుకోవద్దు' అని ఆమె రాసిన కాగితం అంటించి ఉంది. పాడైన పెట్టె మీద ఆక్సిజన్ ఐదు శాతం అని వెలుగుతోంది.

తలుపు తీశాడు. లోపల పురుగు కూడా లేదు.

"ఇందులో ఏం పెంచుతున్నారు?" అని అడిగాడు.

ఆమె పైకప్పు వైపు చూసింది, సబ్బునీళ్ళ వైపు చూసింది. తప్పించుకునే దారి కనపడలేదు.

"ఏమీ లేదు. కుదిరినప్పుడల్లా దీని తలుపు తీసి వేస్తుంటాను. గుజ్జు పెట్టె తీస్తే గుజ్జు పాడవుతుంది కదా, అందుకని ఖాళీదాన్ని తీస్తున్నాను. గ్యాస్ అయిపోతే గానీ మీరు రారాయె."

అతను సబ్బునీళ్ళ బకెట్ పక్కనే చతికిలబడి నవ్వాడు. సంతోషం పట్టలేక తన గుట్టు కూడా తనే విప్పాడు.

"పెద్ద సిలిండర్లు గోడౌన్ నిండా ఉన్నాయండీ."

"తెలుసు. మొదటి వారమే మీ ఆఫీసుకి ఫోన్ చేశాను."

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే పెద్దది తెచ్చేసేవారుగా."

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మీరంటే నాకు ప్రాణమనీ, రేపట్నుంచి సిలిండర్ లేకుండా కూడా వస్తాననీ అతను తిన్నగా చెప్పేశాడు. ఆమె ముక్కు మళ్ళీ ఎర్రబడింది, ఈసారి కోపం లేకుండానే. వస్తే తనకూ నైట్రోజన్ మిగులుతుందంది.

అప్పుడే మేడం వచ్చి లీకు దొరికిందా అని అడిగింది.

"దొరికింది మేడం. రెండు చోట్ల," అందా అమ్మాయి.

మేడం తెరిచి ఉన్న ఖాళీ పెట్టెని చూసింది, ఇద్దరి మొహాలూ చూసింది. దొందూ దొందే అని గొణుక్కుంటూ ఆ పెట్టె స్విచ్ ఆపేసి వెళ్ళిపోయింది. పైపు మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పెద్ద సిలిండర్ బిగించాడు. ఆ సాయంత్రం ఖాళీ చేతులతో వచ్చాడు. అలా రోజూ వస్తుండగానే గుజ్జు తయారైంది. ఆమె వేలితో నొక్కితే అణిగి, వెంటనే పైకి లేచింది. ఆ సంబరంలో అతని ఫోను లాక్కుని వాళ్ళమ్మకి చెప్పింది. అన్నాళ్ళూ ఆంటీ అనే పిలిచేది.

"అయితే నా మోకాళ్ళకి ఎప్పుడు పెడతావమ్మా?" అని అడిగిందావిడ.

"దానికింకా చాలా ఏళ్ళు పడుతుందండీ, అత్తయ్యగారూ."

ఆవిడ ఆ పిలుపుని ఇంకోసారి అనిపించుకుని విన్నది.

"గుజ్జు సంగతి నిదానంగా చూద్దాంలే. నాకున్నది అరిగిపోకముందే పెళ్ళి కానివ్వండి, మీ పక్కన నిలబడాలి కదా."