నాలుగో పేజీ మేటర్

"మావాళ్ళు ఇందులో ఏడుస్తా ఉన్నారు మేడమ్," అన్నాడు హేమంత్.

భానుశ్రీ అప్పుడే గొడుగు మూసి గుమ్మం పక్కన ఆనించింది. కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ దాకా సెవెన్ సీటర్ ఆటోలో చివరి సీటు దొరికింది. చీర అంచంతా బురద. మొదటిసారి కలిసిన మనిషి కూర్చోమనైనా అనలేదు.

"ఎవరండీ ఏడుస్తున్నది?"

"మా బొమ్మలాట వాళ్ళు, మీరు రాసిన బ్రోషర్లో. మొదటి పేజీలో ఆకలి, రెండో పేజీలో కన్నీళ్ళు. మూడో పేజీ తిప్పాలంటే నాకే భయమైంది."

"దాతలు చదవాలంటే అలాగే రాయాలండి."

"వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తారు. మీరు ఒక్కసారైనా ఆట చూసినారా?"

చూడలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి కూడా ఓపిక లేక, ఆమె గోడకు వేలాడదీసిన తోలుబొమ్మల వైపు చూసింది. కిటికీలోంచి వచ్చే వాన వెలుతురులో వాటి రంగులు మాత్రం ఏడుస్తున్నట్టు లేవు.

"రెండు రోజులివ్వండి. తిరగరాస్తాను," అంది.

"ముందు కూచోండి. తల తుడుచుకోండి," అన్నాడతను, ఆలస్యంగా గుర్తొచ్చి.

అది పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది ఆగస్టు. హైటెక్ సిటీలో బండరాళ్ళ మధ్య అద్దాల భవనాలు లేస్తున్న రోజులు. భానుశ్రీ ఎనిమిదేళ్ళుగా సేవాసంస్థలకూ కళాసంస్థలకూ బ్రోషర్లు, పోస్టర్లు, వార్షిక నివేదికలు రాసిపెడుతోంది. విజిటింగ్ కార్డు మీద 'కమ్యూనికేషన్స్ కన్సల్టెంట్' అని ఉంటుంది. అది చూసి ఇంటి ఓనరు భార్య ఆమెది టెలిఫోన్ డిపార్ట్‌మెంట్ ఉద్యోగమనుకుని, తమ లైన్ బాగు చేయించమని రెండుసార్లు అడిగింది.

ఆ పనిలో ఒక చిక్కుంది. ఒక్కో సంస్థతో మూడు నెలలు. ఆ మూడు నెలలూ వాళ్ళ కష్టాలు, వాళ్ళ టీలు, వాళ్ళ పిల్లల పేర్లు అన్నీ మనవే. అచ్చయి పుస్తకం చేతికొచ్చాక పనీ అయిపోతుంది, మనుషులూ అయిపోతారు. చూపు లేని పిల్లల బడి టీచరమ్మ, నాటకాల మాస్టారు, అందరూ అలాగే వెళ్ళారు. వెళ్ళేవాళ్ళకు భానుశ్రీ 'ఆల్ ది బెస్ట్' అని చెప్పేది. అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ముప్ఫై ఒకటో ఏట ఆమెకు పనివల్ల కంటే ఆ మాట వల్లే ఎక్కువ అలసటగా ఉంది.

తోలుబొమ్మల ట్రస్టు నడిపే హేమంత్ మూడు నెలలూ ఆమెను సతాయించాడు. ఫోటో కింద వ్యాఖ్యల్లో 'పాపం' అన్న మాట కనిపిస్తే పెన్నుతో సున్నా చుట్టేవాడు. తను ఇవ్వాల్సిన మేటర్ మాత్రం ఒక్కటీ వేళకిచ్చేవాడు కాదు.

"నాలుగో పేజీ మీదేనండి. ట్రస్టు తరఫున మీ మాట. ఎప్పుడిస్తారు?"

"రేపు."

"ఆ రేపు ఈ నెల్లో ఉందా?"

"ఉంది. టీ తాగుతూ ఆలోచిస్తా. రెండు చెప్పనా?"

గది కింద టీ కొట్టు దగ్గర రెండు గ్లాసులు చెప్పడం ఎప్పుడు అలవాటైందో ఇద్దరికీ తెలియదు. నవంబర్లో ఒక సాయంత్రం ఆ గ్లాసు చేత్తో పట్టుకునే హేమంత్ చెప్పాడు.

"ఇక్కడి గది ఖాళీ చేస్తున్నాం. బొమ్మల పనంతా ధర్మవరంలోనే. శనివారం సాఫ్ట్‌వేర్ వాళ్ళ ముందు ఆట అయిపోతే, సోమవారం నేనూ వెళ్ళిపోతా."

"ఓహో," అంది భానుశ్రీ. గ్లాసు కింద పెట్టి, "ఆల్ ది బెస్ట్," అంది.

అతను ఇంకేదో వింటానన్నట్టు చూశాడు. ఆమె గ్లాసు కడిగే నీళ్ళకేసి చూసింది.

అక్కణ్ణుంచి నేరుగా కూకట్‌పల్లిలో లింగమూర్తి డీటీపీ సెంటరుకి వెళ్ళింది. పేజీలు అమర్చేటప్పుడు మేటర్ రాని చోట ఏదో ఒకటి నింపితేగానీ ఎన్ని లైన్లు పడతాయో తెలియదు. ఇంగ్లీషుకైతే అలా నింపడానికి అర్థంలేని మాటలు తయారుగా ఉంటాయి. తెలుగుకి లేవు. అందుకని కీబోర్డు ముందు తనే కూర్చుని తోచింది కొట్టడం ఆమెకు అలవాటు. ఒకసారి నివేదిక మధ్యలో గోంగూర పచ్చడి చేసే విధానమంతా రాసింది. అసలు మేటర్ రాగానే అది తీసేస్తారు. ఆ సాయంత్రం నాలుగో పేజీ నింపి, తలనొప్పితో ఇంటికెళ్ళి పడుకుంది.

మర్నాడు ఉదయం వెళ్ళేసరికి లింగమూర్తి తాపీగా ఇడ్లీ తింటున్నాడు.

"ప్రూఫ్ సార్ తీస్కపోయిండు మేడమ్."

"ఏ సారండీ?"

"గా బొమ్మల సార్. షాపు తెరవంగనే వచ్చిండు."

భానుశ్రీ కుర్చీ పట్టుకుంది. "నాలుగో పేజీ తీసేశారా?"

"మీరు మేటర్ ఏడ ఇచ్చిన్రు తీసెయ్యనీకి? ఉన్నది ఉన్నట్టే ఇచ్చిన."

"మీరు చదివారా?"

"నేను చదువుకుంట కూసుంటే పనెప్పుడైతది? సార్ చదివిండు. నిలబడి చదివిండు, మల్ల కూసోని చదివిండు."

"ఏమన్నారు?"

"ఎర్ర పెన్ను అడిగిండు. ఏంది మేడమ్, గంత పరేషాన్ అయితున్రు? మిస్టేకులున్నయా?"

ఆటోలో దారి పొడుగునా ఆమెకు తను రాసింది అక్షరం అక్షరం గుర్తొచ్చింది. 'ఈ పేజీకి మేటర్ రాలేదు. హేమంత్ గారు రేపిస్తారు. సోమవారం ఆయన వెళ్ళిపోతారు. ఎవరు వెళ్ళినా నాకు మామూలే. ఈసారి మామూలుగా లేదు. నేను ఎప్పటిలాగే ఏమీ అనను.' అప్పటికీ పేజీ నిండక, చివరి లైన్లలో ఒకే మాట వరసగా కొట్టింది. 'వెళ్ళొద్దు.'

అతను గదిలో లేడు, ఆట జరిగే చోటున్నాడన్నారు. అద్దాల భవనం గేటు దగ్గర సెక్యూరిటీ అతను రిజిస్టరు తోశాడు. ఏం పని మీద వచ్చారన్న గడిలో 'ప్రూఫ్' అని రాసింది.

హేమంత్ హాల్లో తెల్లబట్ట తెర కడుతున్నాడు. ఆమెను చూసి నిచ్చెన దిగాడు. చొక్కా జేబులో మడిచిన కాగితం కనిపిస్తోంది.

"అది డమ్మీ మేటరండి," అంది భానుశ్రీ, ఊపిరి తీసుకోకుండా.

"తెలుసు."

"లైన్లు నిండడానికి రాశాను."

"నా పేరుతోనే నిండుతాయా?"

అతను కాగితం విప్పాడు. పేజీ నిండా ఎర్ర గీతలు.

"రెండు అచ్చు తప్పులు దిద్దినా. 'వెళ్ళొద్దు' ఎనిమిదిసార్లు ఉంది. ఏడు కొట్టేసినా. ఒకటి చాలు."

"ఎగతాళి చేయకండి. ఇవాళ నాకు ఓపిక లేదు."

"ఎగతాళి కాదు." అతని గొంతు తగ్గింది. "ఆ ఒక్కటి నిన్న టీ కొట్టు దగ్గర అంటారేమోనని చూసినా. మీరు ఆల్ ది బెస్ట్ అన్నారు. ఇంటికి పోయి, ఇంక ఈమెకు నేను కూడా మూడు నెలల పనేలే అనుకున్నా."

"అన్నంత మాత్రాన మీరు ఆగలేరు కదా."

"ఆగలేను. అక్కడ పదకొండు ఇళ్ళ వాళ్ళు బొమ్మలు ముందరేసుకుని నా కోసం చూస్తా ఉంటారు."

"అందుకే అనలేదు. వెళ్ళేవాళ్ళకు చెప్పి ఏం లాభమండి? మొదట వారానికో ఉత్తరం వస్తుంది. తర్వాత పండక్కి గ్రీటింగ్ కార్డు. ఆ తర్వాత ఏమీ ఉండదు. నాకు బాగా తెలుసు."

హేమంత్ గడియారం చూసుకున్నాడు. "పదకొండవుతా ఉంది. నాతో రండి."

"ఎక్కడికి?"

"ఎస్టీడీ బూతుకి. పొద్దున అమ్మకు ఫోన్ చేసినా. మా ఇంట్లో ఫోన్ లేదు. పదకొండుకి మళ్ళీ చేస్తానన్నా, మీతో మాట్లాడాలని పక్కింట్లో కూచోని ఉంటుంది."

"నన్నడక్కుండానే చేశారా?"

"నాలుగో పేజీ చూసినాక ఆగలేకపోయినా. మీకు ఇష్టం లేకుంటే చెప్పండి, నేనే మాట్లాడి పెట్టేస్తా."

ఆమె ఇష్టం లేదనలేదు. రోడ్డు దాటేటప్పుడు కంకర లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. ఇద్దరూ తెల్లబడి బూతు చేరారు. అతను నంబరు కలిపి రిసీవరు ఆమెకిచ్చి, తను బయటికెళ్ళి అద్దం తలుపు వేశాడు.

"భానుశ్రీనా? నేను చెన్నమ్మను, హేమంత్ అమ్మను. నువ్వేందో కాగితంలో రాసినావంట. మావాడు చెప్పినాడు."

"అది పొరపాటున వెళ్ళిందండి..."

"కాగితం సంగతి నాకొద్దు తల్లీ. నాకు చదువు రాదు. నీ నోటితో చెప్పు. నీకేం కావల్ల?"

ఎనిమిదేళ్ళుగా భానుశ్రీ ఎవరికేం కావాలో వాళ్ళ తరఫున అడుగుతూ వచ్చింది. పలకలు, కుట్టుమిషన్లు, వేదికలు. తనకేం కావాలో ఎవరూ అడగలేదు. తనూ ఎవరికీ చెప్పలేదు. అద్దం అవతల హేమంత్ చొక్కా మీద దుమ్ము దులుపుకుంటున్నాడు, ఇటు చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తూ.

"ఆయన కావాలండి," అంది.

అవతల చెన్నమ్మ రిసీవరు పక్కకి పెట్టి పక్కింటావిడతో కాబోలు అనడం వినిపించింది. "అడిగింది లక్ష్మమ్మా. నోరు తెరిచి అడిగింది పిల్ల." తర్వాత మళ్ళీ దగ్గరగా, "వాడు సోమవారం రావల్ల, పనుంది. వాని ఎంబడే నువ్వూ రా. ఊరు చూడు, ఇల్లు చూడు, నన్నూ చూడు. నచ్చితే మీ అమ్మానాయనతో మాట్లాడదాం. నచ్చకుంటే ఆ మాట గూడా నోటితోనే చెప్పల్ల. సరేనా?"

"సరేనండి."

ఆమె తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"ఏమనింది?" అన్నాడు హేమంత్.

"సోమవారానికి రెండు టికెట్లు తీసుకోండి," అంది భానుశ్రీ. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నాకు కిటికీ పక్కన కావాలి."